అమెరికా, జర్మనీ: జీతాల పట్టికలో లేని లెక్కలు

సంపాదకులకు నమస్కారాలు.

ఇటీవల మీ పత్రిక విద్యా అనుబంధంలో, ఎం.ఎస్. చదువుకు అమెరికా మేలా, జర్మనీ మేలా అన్న వ్యాసమూ, దాని పక్కనే ఒక పట్టికా అచ్చు వేశారు. పట్టికలో నాలుగు గడులు ఉన్నాయి: ఫీజు, వీసా ఖర్చు, చదువు పూర్తయ్యాక వచ్చే సగటు జీతం, ఆ జీతం మన రూపాయల్లో ఎంత. మా ఎదురింటి కుర్రాడు దాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకుని నా దగ్గరకు వచ్చి, "మావయ్యగారూ, మీరు రెండు దేశాల్లోనూ ఉండి వచ్చారు కదా, ఇందులో ఉన్నది నిజమేనా?" అని అడిగాడు. ఒక్క విషయం మినహాయిస్తే ఉన్నది నిజమే. ఆ ఒక్కటీ చివర్లో చెబుతాను. నన్ను ఈ ఉత్తరానికి పురికొల్పింది మాత్రం ఆ పట్టికలో చోటు దొరకని సంగతులు.

నేను ఆర్టీసీ ట్రాఫిక్ విభాగంలో 34 సంవత్సరాలు పనిచేసి, అమలాపురం, రావులపాలెం, రాజమండ్రి డిపోల నీళ్లు తాగి రిటైరైన వాడిని. మా అమ్మాయి కుటుంబం అమెరికాలో డల్లాస్‌కు ఉత్తరాన ఒక శివారు పట్టణంలోనూ, అబ్బాయి కుటుంబం జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరంలోనూ స్థిరపడ్డారు. 2019లోనూ 2023లోనూ అమెరికాలో దాదాపు ఆరేసి నెలలు, 2024లోనూ 2025లోనూ జర్మనీలో మూడేసి నెలలు ఉండి వచ్చాం. పిల్లలిద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులే, ఇద్దరి అనుభవానికీ రెండేళ్లే తేడా. కాబట్టి నా పోలిక వీధి అరుగు మీది కబుర్ల కంటే కాస్త నయమనే అనుకుంటున్నాను.

డబ్బు సంగతి ముందే ఒప్పుకుంటాను. అమ్మాయి జీతంలో అబ్బాయి జీతం సగానికి కాస్త ఎక్కువ. డల్లాస్ ఉన్న టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్నే లేదు. జర్మనీలో జీతం చీటీ పైభాగంలో ఉన్న అంకెకూ బ్యాంకులో పడే అంకెకూ మధ్య మూడోవంతుకు పైగానే పన్నులకూ బీమాలకూ పోతుంది. అమ్మాయిది నాలుగు పడకగదుల ఇల్లు, వెనక పెరడు, రెండు కార్లు, ఇంటినిండా ఏసీ. అబ్బాయిది లిఫ్టు లేని భవనంలో మూడో అంతస్తులో రెండు గదుల అద్దె వాటా, వేసవిలో ఫ్యాను గాలి. 2024 లెక్కల ప్రకారం తలసరి ఉత్పత్తి అమెరికాలో సుమారు 85 వేల డాలర్లు, జర్మనీలో సుమారు 55 వేల డాలర్లు. ఇక్కడితో ఆగితే మీ పట్టికే చివరి మాట. కానీ ఐక్యరాజ్యసమితి 2025లో ప్రచురించిన మానవాభివృద్ధి సూచికలో జర్మనీ అయిదో స్థానంలోనూ, అమెరికా 17వ స్థానంలోనూ ఉన్నాయి. ఎక్కువ సంపాదించే దేశం ఆ జాబితాలో ఎందుకు వెనకబడిందో నేను పుస్తకాల్లో వెతకలేదు, రెండిళ్లలోనూ కూర్చుని చూశాను.

ముందు నాకు తెలిసిన విద్యతో మొదలుపెడతాను. అమ్మాయి ఇంటికి ఇండియన్ స్టోరు మూడు మైళ్ల దూరం, అంటే అయిదు కిలోమీటర్లలోపే. కరివేపాకు అయిపోయిందంటే నేను అమ్మాయి ఆఫీసు పని ముగిసేదాకానో, అల్లుడు వచ్చేదాకానో కూర్చోవాలి. ఒకరోజు సంచి పుచ్చుకుని నడిచి బయలుదేరాను. అరమైలు వెళ్లేసరికి కాలిబాట ఒక ఖాళీ స్థలం దగ్గర అంతమైంది. ఆ తర్వాత ఆరు వరుసల రోడ్డు, జూన్ ఎండ. కనుచూపు మేరలో మనిషి లేడు. ఒక కారు ఆగింది, అందులోని పెద్దావిడ "ఏమైనా ఇబ్బందా?" అని ఆదరంగా అడిగింది. ఆ ఊళ్లో నడుస్తున్న ముసలివాడంటే దారి తప్పినవాడనే అర్థం మరి. నాకు లైసెన్సు లేదు. జీవితమంతా ఇతరులను బస్సుల్లో ఎక్కించిన వాడిని, ఆరు నెలలు ఒక్కచోటికి కూడా నా అంతట నేను వెళ్లలేకపోయాను.

ఇది ఏ ఒక్క ఊరి నిర్లక్ష్యమూ కాదు, అక్కడి పన్నుల పద్ధతిలోనే దీని మూలం ఉంది. 1983లో ఏర్పడిన డల్లాస్ ప్రాంత రవాణా సంస్థ డార్ట్‌లో చేరాలంటే ఆ పట్టణం తన అమ్మకాల మీద ఒక శాతం పన్నును ఆ సంస్థకు ఇచ్చుకోవాలి. టెక్సస్‌లో స్థానిక అమ్మకపు పన్నుకు రెండు శాతం పరిమితి ఉంది కాబట్టి, ఫ్రిస్కో వంటి పట్టణాలు ఆ సొమ్మును పరిశ్రమలనూ వ్యాపారాలనూ రప్పించుకోవడానికి కేటాయించుకుని డార్ట్‌కు వెలుపలే ఉండిపోయాయి. ఆ లెక్క వాళ్లకు బాగానే కలిసివచ్చింది. ఊళ్లు కళ్లముందే పెరిగాయి, మన పిల్లలకు ఉద్యోగాలూ వచ్చాయి. కారు నడపలేని వాడు మాత్రం ఆ లెక్కలోకి రాలేదు.

స్టుట్‌గార్ట్‌లో అబ్బాయి ఇంటి నుంచి నాలుగు నిమిషాల నడకలో పసుపుపచ్చ ట్రామురైలు ఆగుతుంది. దాన్ని వాళ్లు స్టాడ్‌బాన్ అంటారు. బోర్డు మీద 3 అని ఉంటే మూడు నిమిషాలకే వస్తుంది. బస్సయితే ఆగగానే తలుపు వైపుకు ఒరిగి కిందికి దిగుతుంది, మోకాళ్ల నొప్పులున్న మా ఆవిడ కోసమే దించారా అన్నట్టు. 2023 మే నెలలో ప్రవేశపెట్టిన నెల పాసు అప్పట్లో 49 యూరోలు, 2025లో 58, ఇప్పుడు 63. దానితో దేశమంతటా సిటీ బస్సులూ, ట్రాములూ, ప్రాంతీయ రైళ్లూ ఎక్కవచ్చు. నన్ను ఆశ్చర్యపరచింది మాత్రం పాసు కాదు. రాత్రి పదిన్నరకు మా స్టాపులో నలుగురు ప్రయాణికులతో బస్సు వచ్చి, నలుగురితోనే వెళ్లిపోయేది. ఓఆర్, అంటే బస్సులో సీట్లు ఎంతమేర నిండాయన్న లెక్క, చూసి సర్వీసులు రద్దు చేసిన చేతులు నావి. అలాంటి బస్సు మా డిపోలో ఉండి ఉంటే మూడో నెలలో చార్టు నుంచి తీసేసి ఉండేవాడిని. ఆ నష్టాన్ని భరించేది కూడా అబ్బాయి జీతం చీటీలో పడే పన్నుకోతలోంచేనని తెలిశాక, ఆ కోత మీద నాకున్న కోపం కొంత తగ్గింది. అలాగని జర్మనీ రవాణా అంతా గడియారమే అనుకోకండి. 2024లో వాళ్ల దూరప్రాంత రైళ్లలో సుమారు 62 శాతమే సమయానికి నడిచాయి, అదీ ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని ఆలస్యంగా లెక్కించకుండా. స్టుట్‌గార్ట్‌లోనే 2010లో మొదలైన కొత్త రైల్వేస్టేషన్ పని నేను రెండోసారి వెళ్లేనాటికీ తవ్వకాల మధ్యనే ఉంది. మన పోలవరం గుర్తుకొచ్చి నాకు కాస్త ఊరట కలిగిందంటే తప్పుగా అనుకోవద్దు.

ఇక అనారోగ్యం. 2023లో ఒక రాత్రి మా ఆవిడకు కడుపులో నొప్పి వచ్చి డల్లాస్ ప్రాంతంలోని ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లాం. నాలుగు గంటలు ఉంచి, స్కాన్ తీసి, పిత్తాశయంలో చిన్న రాయి ఉందని, ప్రస్తుతానికి భయం లేదని చెప్పి పంపారు. డాక్టర్లూ నర్సులూ ఎంత మర్యాదగా చూశారో చెప్పలేను. ఆ తర్వాత రెండు నెలల పాటు ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి: ఆసుపత్రి బిల్లు ఒకటి, చూసిన డాక్టరు బిల్లు వేరు, స్కాన్ చదివిన డాక్టరు బిల్లు ఇంకోటి, రక్తపరీక్ష లాబొరేటరీది మరొకటి. మొత్తం నాలుగు వేల డాలర్లు దాటింది. మేము కొనుక్కున్న సందర్శకుల బీమా అందులో ఎంత ఇస్తుందో, ఎందుకు ఇవ్వదో తేల్చుకోవడానికి అమ్మాయి తన భోజన విరామాలన్నీ ఫోన్ మీదే గడిపింది. మేము చుట్టాలం కాబట్టి ఇలా జరిగిందనుకున్నాను. కాదట; మంచి కంపెనీ బీమా ఉన్న అమ్మాయికి కూడా తన ప్రసవానికి చేతి నుంచి ఎంత పడుతుందో ముందుగా ఎవరూ చెప్పలేకపోయారు. అక్కడ బీమా ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది, ఉద్యోగం పోతే బీమా కూడా దాని వెంటే పోతుంది. 1965లో వచ్చిన మెడికేర్ ముసలివారికీ, 2010 నాటి చట్టం మరికొందరికీ రక్షణ కల్పించినా, జాతీయోత్పత్తిలో 17 శాతానికి పైగా వైద్యానికి ఖర్చుచేసే ఆ దేశంలో సగటు ఆయుర్దాయం 2023లో 78.4 సంవత్సరాలు. దాదాపు 12 శాతం ఖర్చుతో జర్మనీ 81 దగ్గర ఉంది.

జర్మనీ ఆరోగ్య బీమా చట్టం 1883 నాటిది. బిస్మార్క్ కాలంలో కార్మికుల కోసం మొదలై ఇప్పటికీ అదే పునాది మీద నడుస్తోంది. జీతంలో 14.6 శాతమూ, దానిపైన బీమా సంస్థను బట్టి ఇంకొంత అదనమూ, సగం ఉద్యోగి, సగం యజమాని కట్టాలి. ఆ తర్వాత మందుల చీటీకి అయిదు నుంచి పది యూరోలు, ఆసుపత్రిలో ఉంటే రోజుకు పది యూరోలు, అదీ ఏడాదికి 28 రోజులకు మించకుండా. జబ్బుపడితే ఆరు వారాల పాటు యజమాని పూర్తి జీతమివ్వాలి, ఆ తర్వాత బీమా సంస్థ అందుకుంటుంది. పిల్లకు జ్వరం వస్తే తల్లికీ తండ్రికీ చెరో 15 రోజులు ఏడాదికి సెలవు, జీతంలో అధిక భాగం బీమా సంస్థే ఇస్తుంది. అమెరికాలో వేతనంతో కూడిన జబ్బు సెలవు ఇవ్వాలన్న కేంద్ర చట్టమే లేదు. మామూలు సెలవు సంగతీ అంతే. జర్మనీలో వారానికి అయిదు రోజులు పనిచేసే వారికి ఏడాదికి కనీసం 20 రోజుల సెలవును 1963 నాటి చట్టం ఇప్పుడు హక్కుగా ఇస్తోంది, అబ్బాయి కంపెనీ 30 ఇస్తుంది. అమ్మాయికున్న 15 రోజులనూ రెండేళ్లు కూడబెడితేగాని రాజమండ్రి ప్రయాణం కుదరదు.

నిష్పాక్షికంగా చెప్పాలి కాబట్టి ఇదీ రాస్తున్నాను. జర్మనీలో ఎమర్జెన్సీ కాకపోతే ప్రత్యేక వైద్యుడి అపాయింట్‌మెంటుకు నెలలు పడుతుంది. అబ్బాయి చర్మవ్యాధి డాక్టరు కోసం మూడున్నర నెలలు ఆగాడు, డాక్టరును చేరేసరికి దద్దురు దానంతటదే పోయింది. డల్లాస్‌లో అదే పని మూడు రోజుల్లో అయ్యేది. డబ్బూ బీమా రెండూ ఉన్నవాడికి అమెరికా వైద్యం కంటే మెరుగైనది నేనెక్కడా చూడలేదు.

ప్రసవాల దగ్గర తేడా కొట్టొచ్చినట్టు కనబడింది. అమెరికాలో 1993 నాటి చట్టం పెద్ద సంస్థల్లో పనిచేసే తల్లికి 12 వారాల సెలవిస్తుంది, కానీ జీతం లేకుండా. కాలిఫోర్నియా, న్యూజెర్సీ వంటి కొన్ని రాష్ట్రాలు జీతంలో కొంత ఇచ్చే ఏర్పాటు చేసుకున్నాయి. టెక్సస్‌లోని ప్రైవేటు ఉద్యోగికి అలాంటిది లేదు, అంతా కంపెనీ దయ. అమ్మాయి కంపెనీ పది వారాలిచ్చింది. పదకొండో వారం నుంచి పాపను చూసింది మా ఆవిడ. ఆలోచిస్తే నాకొకటి తోచింది. ఏటా మన విమానాశ్రయాల్లో ఆవకాయ జాడీలు టేపు చుట్టుకుని వీల్‌చైర్ల వరుసలో కూర్చునే అమ్మమ్మలూ నాయనమ్మలే ఆ దేశపు ప్రసూతి సెలవు. ఆరు నెలలు ఒక అమ్మమ్మ, ఆవిడ వచ్చేయగానే ఆరు నెలలు ఒక నాయనమ్మ. ఈ డ్యూటీ చార్టు ఏ కంపెనీ లెక్కలోనూ ఉండదు, మీ పట్టికలోనూ లేదు. చలిలో మోకాళ్లు పట్టుకుపోయిన నాయనమ్మల నొప్పిని డాలర్లలోకి ఎవరు మారుస్తారు?

స్టుట్‌గార్ట్‌లో కోడలికి ప్రసవానికి ముందు ఆరు వారాలు, తర్వాత ఎనిమిది వారాలు పూర్తి ఆదాయంతో సెలవు. బిడ్డ పుట్టినప్పటి నుంచి లెక్కేసి, తల్లిదండ్రులిద్దరూ పంచుకుంటే 14 నెలల వరకు, చేతికొచ్చే జీతంలో సుమారు మూడింట రెండు వంతుల భత్యం, నెలకు 1,800 యూరోలు మించకుండా. అబ్బాయి రెండు నెలలు ఇంట్లో ఉండి పిల్లవాడికి స్నానాలు పోశాడు. ఈ మాట మా అన్నయ్యగారికి చెబితే ఇప్పటికీ నమ్మరు. ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడే బీమా ఖర్చుతో ఒక మంత్రసాని మూడంతస్తులు ఎక్కి వచ్చింది. వాళ్ల భాషలో హెబామె అంటారు. మంచి చదువు చదివిన మనిషి. సంచిలోంచి ఒక గుడ్డ తీసి, పసివాణ్ణి అందులో పడుకోబెట్టి, గుడ్డ నాలుగు కొసలూ స్ప్రింగు తక్కెడ కొక్కేనికి తగిలించి గాలిలోకి ఎత్తింది. మా ఆవిడ "అయ్యో, బిడ్డను వంకాయలు తూచినట్టు తూస్తోందేమిటండీ!" అని చేతులు కింద పట్టుకుని నిలబడిపోయింది. పది రోజులు అలా వస్తూనే ఉంది. చివరికి మా ఆవిడ నూనె మర్దనా చేయడం ఆవిడ చూసి, తలాడించి, ఏదో రాసుకుంది. ఇద్దరికీ ఉమ్మడి భాష ఒక్క ముక్క కూడా లేదు.

ఉద్యోగం పోయిన రోజు సంగతి మన పిల్లలు మనకు పూర్తిగా చెప్పరు. హెచ్–1బీ వీసా మీదున్న వాడికి ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల గడువు. ఆలోగా మరో కంపెనీ చేర్చుకోవాలి, లేదంటే ఇల్లూ కారూ పిల్లల బడీ వదిలి బయలుదేరాలి. అల్లుడికి 2023లో అది జరిగింది. యాభై రెండో రోజున కొత్త ఉద్యోగం దొరికింది. ఆ యాభై రెండు రోజులూ ఆ నాలుగు పడకగదుల ఇంట్లో భోజనాల బల్ల దగ్గర ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. మేము తిరుగు ప్రయాణం ముందుకు జరుపుకుంటామంటే, "వద్దు మావయ్యగారూ, మీరుంటేనే ధైర్యం" అన్నాడు. గ్రీన్‌కార్డు ఉంటే ఈ బాధ ఉండదు. ఉద్యోగాల కోటాలో ఏటా ఇచ్చేవి సుమారు లక్షా 40 వేలు, అందులో ఏ ఒక్క దేశానికీ ఏడు శాతానికి మించకూడదన్న నిబంధన వల్ల భారతీయుల వరుస దశాబ్దాలకు చేరింది. అల్లుడు ఆ వరుసలో నిలబడి పదకొండేళ్లయింది. దీనికి తోడు 2025 సెప్టెంబరులో, దేశం వెలుపలి నుంచి వచ్చే కొత్త హెచ్–1బీ వారికి లక్ష డాలర్ల రుసుమంటూ అధ్యక్షుడి ప్రకటన వెలువడింది.

జర్మనీలో పెద్ద చదువులు చదివిన విదేశీ ఉద్యోగులకిచ్చే బ్లూకార్డు మీదున్న వాడు జర్మన్ భాషలో బి1 అనే మధ్యస్థాయి అందుకుంటే 21 నెలలకే, తక్కువ స్థాయితో 27 నెలలకే శాశ్వత నివాసానికి అర్హుడు. 2024 జూన్ నుంచి పౌరసత్వానికి అయిదేళ్లు చాలు. ఉద్యోగం తీసేయాలంటే సర్వీసు పెరిగే కొద్దీ నోటీసు గడువూ పెరిగేలా చట్టముంది; ఏడాది పైగా చందా కట్టిన వాడికి పిల్లలుంటే చేతికొచ్చే జీతంలో 67 శాతం నిరుద్యోగ భృతి కొన్ని నెలలు, ఎక్కువకాలం పనిచేసి ఉంటే ఏడాది వరకూ వస్తుంది. అబ్బాయి నెలనెలా పన్నుకోత గురించి సణుగుతూనే ఉంటాడు, కానీ రాత్రిళ్లు నిద్రపోతాడు.

బడి గురించి రాయాలంటే చేయి ఆడదు. 2023లో పెద్ద మనవరాలు రెండో తరగతి. ఒకరోజు బడి నుంచి వచ్చి, "తాతయ్యా, ఇవాళ లైట్లన్నీ ఆపేసి మూల కూర్చున్నాం, ఎవరూ మాట్లాడకూడదు, నేను అస్సలు మాట్లాడలేదు" అని గర్వంగా చెప్పింది. తుపాకీ పట్టుకుని ఎవరైనా బడిలోకి వస్తే ఏం చేయాలో నేర్పే కసరత్తు అది. అంతకు ముందు ఏడాదే, 2022 మే 24న అదే రాష్ట్రంలోని ఉవాల్డే పట్టణంలో 19 మంది పిల్లలూ ఇద్దరు టీచర్లూ బడిలోనే చనిపోయారు. మేము అక్కడుండగానే 2023 మే 6న డల్లాస్ శివారు ఆలెన్‌లోని షాపింగ్ మాల్‌లో ఎనిమిది మంది బలయ్యారు. వారిలో ఒక తెలుగు అమ్మాయి ఉంది. ఆ దేశంలో ఏటా 40 వేల మందికి పైగా తుపాకీతో చనిపోతున్నారు, అందులో సగానికి పైగా ఆత్మహత్యలే. స్టుట్‌గార్ట్‌లో ఆరేడేళ్ల పిల్లలు వీపున పెద్ద పెట్టెల్లాంటి సంచులు తగిలించుకుని, ఇద్దరిద్దరుగా, పెద్దలెవరూ వెంట లేకుండా బడికి నడిచిపోతుంటారు. ఉదయం ఏడున్నరకు కిటికీలోంచి వాళ్లను చూడడం నాకు అక్కడ రోజువారీ కాలక్షేపం.

ఇంతవరకూ చదివి నన్ను జర్మనీ పక్షపాతి అనుకోవచ్చు. కానీ అక్కడ ఉండిపొమ్మంటే నేను ఉండను. ఆదివారం దుకాణాలన్నీ మూత, ఇంట్లో చప్పుడు చేయకూడదు. ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఆవిడ పెసరట్టుకు మిక్సీ వేస్తే, సాయంత్రానికి తలుపు సందులోంచి చక్కటి దస్తూరీతో ఒక చీటీ లోపలికి వచ్చింది. ఆ భవనంలో వారానికి ఒక కుటుంబం మెట్లూ వాకిలీ ఊడ్చి తుడవాలి. వంతు వచ్చిందని గుర్తుగా తలుపుకు చిన్న బోర్డు వేలాడుతుంది. ఆ పద్ధతిని కేర్‌వోఖె అంటారు. అబ్బాయి ఊళ్లో లేని వారం ఆ చీపురు నేనే పట్టాను. కింది అంతస్తు ముసలావిడ వచ్చి మెట్ల మూలలు చూసి, మళ్లీ చేయమన్నట్టు వేలు చూపింది. అన్ని చట్టాలున్న దేశంలో ఇల్లు అద్దెకు దొరకడానికి అబ్బాయికి అయిదు నెలలు పట్టింది. కొత్తలో వీసా కార్యాలయం నుంచి వచ్చే ఉత్తరాల్లో ఒక్కో మాట బారెడు పొడవుండేది. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి. వరుసగా పదకొండు రోజులు మా ఆవిడ ఇంటివాళ్లతో తప్ప మరో మనిషితో మాట్లాడలేదని లెక్కపెట్టి చెప్పింది. మెట్ల మీద ఎదురైన వాళ్లు "గ్రూస్ గాట్" అని దేవుడి పేరుతో పలకరిస్తారు, అక్కడితో సరి.

అదే డల్లాస్‌లో శనివారం సాయంత్రం ఫ్రిస్కో హనుమంతుడి గుడికి వెళితే "ఏ ఊరండీ మీది?" అనే పలకరింపు చెప్పులు విప్పే చోటే మొదలవుతుంది. మా అమ్మాయి బాలింతగా ఉన్న నలభై రోజులూ ఎవరో ఒకరు పప్పు, చారు, వేయించిన కూరలు తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్లారు. అందులో సగం మంది పేర్లు మాకిప్పటికీ తెలియవు. 1970లలో పిట్స్‌బర్గ్‌లో వేంకటేశ్వరుడి గుడి కట్టుకున్న తరం నుంచి ఇప్పటిదాకా మనవాళ్లు అక్కడ కట్టుకున్నది ఒక ఊరు, ప్రభుత్వం ఇవ్వని ఆసరా చాలావరకు ఆ ఊరే ఇస్తోంది. అల్లుడికి రెండో ఉద్యోగం చూపించింది కూడా గుడిలో పరిచయమైన నెల్లూరాయనే. జర్మనీలో చట్టం చూసుకుంటుంది, అమెరికాలో మనుషులు చూసుకుంటారు అని మా ఆవిడ అంటుంది. నేను దానికి పూర్తిగా ఒప్పుకోను, ఎందుకంటే మనుషుల పరిచయం లేనివాడు, ఊరి శివార్లలో ఒంటరిగా ఉన్నవాడు ఆ లెక్కలో జారిపోతాడు. పైగా భాష నేర్చుకున్న కొద్దీ జర్మనీ మెత్తబడుతుందని అబ్బాయి అంటున్నాడు. రెండోసారి వెళ్లినప్పుడు మా మనవడికి కింది అంతస్తు ముసలావిడే ఊలు టోపీ అల్లి ఇచ్చింది.

ఎదురింటి కుర్రాడికి నేను చెప్పిన మాట ఇది: వయసు ఇరవై నాలుగు, ఒంట్లో జబ్బు లేదు, పెళ్లి లేదు, అప్పు తీర్చాలన్న తొందర ఉంది అంటే అమెరికా జీతం నిన్ను నిలబెడుతుంది, అవకాశమూ అక్కడే ఎక్కువ. కానీ పదేళ్ల తర్వాత ఇద్దరు పిల్లలతో, కన్నవాళ్ల మోకాళ్ల నొప్పులతో, ఉద్యోగాల కోతల మధ్య ఉన్న నిన్ను ఊహించుకుని మళ్లీ లెక్క వెయ్యి. అప్పుడు నేనైతే తక్కువ జీతం వైపే మొగ్గుతాను. అతని తండ్రికి నా సలహా నచ్చలేదు. ఆయన ఇప్పటికే బ్యాంకులో విద్యారుణానికి మాట్లాడుకున్నారు.

ఇక మొదట ప్రస్తావించిన సవరణ. మీ పట్టికలో జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఫీజు "లేదు" అని వేశారు. చాలా రాష్ట్రాల్లో అది నిజమే. స్టుట్‌గార్ట్, హైడెల్‌బర్గ్, కార్ల్స్‌రూహె నగరాలున్న బాడెన్–వుర్టెంబర్గ్ రాష్ట్రం మాత్రం ఐరోపా సమాఖ్య బయటి విద్యార్థుల నుంచి 2017 నుంచీ సెమిస్టరుకు 1,500 యూరోలు వసూలు చేస్తోంది. వీసాకు ముందు ఏడాది జీవన వ్యయం కింద 11,904 యూరోలు ప్రత్యేక ఖాతాలో చూపించాలన్న సంగతీ పట్టికలో లేదు. మళ్లీ పట్టిక వేసేటప్పుడు కింద మరికొన్ని వరుసలు చేర్చమని కోరుతున్నాను: ఉద్యోగం పోతే ఎన్ని రోజుల గడువు, ప్రసవానికి జీతంతో ఎన్ని వారాలు, జబ్బు సెలవు ఎన్ని రోజులు, శాశ్వత నివాసానికి ఎన్నేళ్లు, తల్లిదండ్రులు వచ్చి ఎన్నాళ్లు ఉండవచ్చు. ఈ చివరి దాంట్లో జర్మనీదే వెనకబాటు, ఆరు నెలల్లో 90 రోజులకు మించి ఉండనివ్వరు. వీటికి చోటు చాలకపోతే ఫీజు సవరణ ఒక్కటైనా ముందుగా వేయండి. మా వీధిలో ఇద్దరు పిల్లలు ఫీజు లేదనుకుని స్టుట్‌గార్ట్‌కే దరఖాస్తులు నింపుతున్నారు.

భవదీయుడు,
ఆర్టీసీ విశ్రాంత ఉద్యోగి,
రాజమహేంద్రవరం.